ఉస్తాద్ మాట

నా దగ్గర హెవీ లైసెన్సు ఉంది. అయినా పాతబస్తీలో ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్లినా ఆ కార్డు వైపు కన్నెత్తి చూసినవాడు లేడు. అందరిదీ ఒకటే ప్రశ్న. "ఉస్తాద్ ఎవరు నీకు?" లారీ నేర్పిన పాత డ్రైవరు ఫోన్లో "వీడు నడుపుతడు" అనాలి. అంతవరకూ తాళం చేతికి రాదు. ఛత్రినాకలో ఏళ్ల తరబడి ట్రాలీ ఆటో తోలి విసిగిపోయిన నాకు జహీరాబాద్, కర్నూలు, నాందేడ్ రూట్లలో ఆరు చక్రాల బండి నడపాలని పిచ్చి పట్టింది. దబీర్‌పురాలో ఒక ముసలి డ్రైవర్ని పట్టుకున్నాను.

ఆయన నేర్పడమంటే కొట్టడమే. పక్క సీట్లో కూర్చుని ఒళ్లో నట్లు విప్పే ఇనప పానా పెట్టుకునేవాడు. గేరు గరగరమంటే వేళ్ల కణుపుల మీద ఒకటి. క్లచ్ మీద ఊరికే కాలు ఉంచితే మోకాలి మీద ఒకటి. "బండి నొప్పి నీకు ఎర్కగావాలె బేటా" అనేవాడు. బేటా అంటూనే కొట్టేవాడు! ఎడమ చెయ్యి వాచిపోయి చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేకపోయేవాణ్ని. నా భార్య పసుపు రాస్తూ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టేది. నేను మాత్రం ఓర్చుకున్నాను. ఆయన మాట లేకపోతే నాకు బండి లేదు మరి.

నాలుగో నెలలో ఒక పొద్దున, హుస్సేనీ ఆలంలోని గోదాము సందులోకి బియ్యం లోడుతో రివర్స్ చేస్తున్నాను. ఉస్తాద్ చాయ్ తాగడానికి దిగాడు. రివర్స్ వేసే ముందు బండి దిగి వెనక చూసి రావాలన్నది ఆయన చెప్పిన మొదటి పాఠం. నేను దిగలేదు. వెనక నుంచి ఒక హమాలీ "ఆనే దో, ఆనే దో" అంటూ రానిమ్మంటుంటే అదే చాలనుకున్నాను. ఒక్కసారిగా కేకలు. బ్రేకు తొక్కాను. ఇంటి ముందు మెట్టు మీద కూర్చున్న ముసలామె కాలికీ టైరుకీ మధ్య జానెడు జాగా మిగిలింది.

ఉస్తాద్ పరుగున వచ్చి నన్ను కాలరు పట్టి కిందికి ఈడ్చాడు. చెప్పు తీశాడు. చెంపల మీద, నెత్తి మీద, నోటి మీద. తప్పు నాదే. పానాతో కొట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ని. సందంతా చూస్తుండగా చెప్పుతో! నాకు ఒళ్లు తెలియలేదు. తెరిచిన డోరులోంచి పానా లాగి ఆయన మూతి మీద కొట్టాను. ముందు పళ్లు రెండు రాలాయి. తెల్ల గడ్డం ఎర్రబడింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతసేపు? హమాలీలు నా మీద పడ్డారు. పక్కటెముక విరిగేదాకా తన్నారు.

ఉస్తాద్ మీద చెయ్యెత్తినవాణ్ని ఎవడు పెట్టుకుంటాడు? అయినా ఆశ చావక, ఎముక అతికాక ఒక లారీల సేట్ దగ్గరికి వెళ్లాను. ఉస్తాద్ ఎవరన్నాడు. అబద్ధం చెప్పడానికి నోరు రాక ఆయన పేరే చెప్పాను. సేట్ అక్కడే ఫోన్ కలిపి, నా పేరు చెప్పి స్పీకర్ పెట్టాడు.

"ఏం ఉస్తాద్, ఈడు నీ దగ్గర నేర్చుకున్న షాగిర్దంట. నడుపుతడా?"

ఫోన్లోంచి, పళ్లు లేని చోట గాలి పోతున్న మాట వినిపించింది.

"నన్ను కొట్టిండు సేట్. పండ్లు రాలగొట్టిండు. గానీ బండి మంచిగ నడుపుతడు. ఇయ్యుండ్రి."

తాళం నా చేతికొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. నేరుగా దబీర్‌పురా వెళ్లి ఆయన కాళ్ల మీద పడబోతే, కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"అడిగితె ఉన్నది చెప్పిన. నిన్ను మాఫ్ జేసిన అనుకుంటున్నవా? బండి దొరికింది గద, ఇగ నా దర్వాజకు రాకు."

తలుపు వేసుకున్నాడు. ఉస్తాద్, ఉస్తాద్ అంటూ తట్టాను. లోపల టీవీ సౌండు పెరిగింది. మధ్యాహ్నం జహీరాబాద్ లోడు ఉంది. బండి దగ్గరికి వెళ్లిపోయాను.