పంటెక్కిన పద్మిని

అమలాపురంలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే జోగేశ్వరరావు గారికి కోపం ముక్కు మీదే ఉంటుందని బజారంతా అంటుంది. అది ఉత్త అబద్ధం. కొన్న గిన్నెకు సొట్ట పెట్టుకుని, వారం తరవాత మార్చమని తెచ్చిన వాళ్ళ మీద కూడా ఆయన ఏనాడూ విసుక్కోలేదు. ఆయన కోపమంతా ఒక్క కారు చుట్టూనే తిరుగుతుంది. 1979 మోడలు ప్రీమియర్ పద్మిని, మీగడ రంగు, గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది.

పదిహేడేళ్ళ కిందట మండపేటలో ఒక డాక్టరు గారి షెడ్డులో, కొబ్బరి పీచు బస్తాల వెనక అది ఆయన కంటబడింది. అప్పటికి దాని వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొస్తుంటే దారిపొడవునా జనం నవ్వారు. నవ్వినవాళ్ళ పేర్లు ఆయనకు ఇప్పటికీ గుర్తే. అక్కడినుంచి ప్రతి ఆదివారమూ దానికే ధారపోశారు. విడిభాగాల కోసం చెన్నైలో, ముంబైలో పాత ఇనుప సామాన్ల బజార్లు కాళ్ళరిగేలా తిరిగారు. డైనమో తీయించి ఆల్టర్నేటరు పెట్టించారు. మాటిమాటికీ మొరాయించే పాత ఇగ్నిషన్ పీకించి ఎలక్ట్రానిక్‌ది వేయించారు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, నాలుగు సీట్లకూ బెల్టులు. చూడటానికి పాత కారు, నడపటానికి కొత్త కారు. ఆయన గొప్పంతా అదే.

అంత చేసినవాడు ఊరుకుంటాడా? రూళ్ళు పెట్టారు. తడి కాళ్ళతో ఎక్కకూడదు. లోపల పకోడీ పొట్లం విప్పకూడదు. తలుపు వేయాలి గాని బాదకూడదు. అన్నిటికన్నా పెద్ద రూలు, ఉప్పునీటి ఛాయలకు పోకూడదు. ఆ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా చాసీ ఉండదు, అడుగు రేకే దాని వెన్నెముక. ఈ తీరంలో సముద్రం గాలికే కిటికీ ఊచలు తుప్పుపట్టి రాలిపోతాయి. ఇక నీళ్ళే తగిలితే చెప్పాలా?

కిందటేడు జూన్ ఆఖరులో కారు రిజిస్ట్రేషను గడువు దగ్గరపడింది. పాత కారు కదా, అయిదేళ్ళకోసారి బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి సరే అంటేనే రోడ్డెక్కాలి. ముందు మనం చూసుకుందామని ఆయన కారును టింకరింగ్ బుల్లియ్య షెడ్డుకు తోలుకెళ్ళారు. బుల్లియ్య కింద పరిచిన రబ్బరు పట్టాలు ఎత్తి, డ్రైవరు కాళ్ళకింద రేకును బొటనవేలితో నొక్కాడు. వేలు కిందకు దిగిపోయింది.

బుల్లియ్య ఆ చిల్లు అంచున తెల్లగా పేరుకున్న పొడి గోటితో గీరి నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పండి బాబూ. వర్షం నీళ్ళ తుప్పు కాదండిది. దీన్ని ఏట్లో దింపారండి ఎవరో."

జోగేశ్వరరావు గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కారు ఆయన చెయ్యి దాటి పోయింది ఒక్కసారే. మాఘమాసంలో ఆయన బావమరిది విష్ణు కొడుకు ప్రవీణ్ పెళ్ళి నరసాపురంలో జరిగింది. పెళ్ళికొడుకు పద్మినిలోనే రావాలని విష్ణు పట్టుబట్టాడు. శుభకార్యానికి అడిగితే లేదనకూడదు, అది మన దిక్కుమాలిన ఆచారం. తనే నడుపుకొస్తానన్నారు గాని, తీరా ఆ వేళకు నూటమూడు జ్వరం. ముహూర్తం ఆగదు గనక తాళాలు విష్ణు చేతిలో పెట్టి, చిలక్కి చెప్పినట్టు చెప్పారు: "చించినాడ వంతెన మీంచి పోవాలి. రేవులో పంటెక్కించి ఏరు దాటించావంటే నీకూ నాకూ చెల్లు." ఆయన భార్య సత్యలక్ష్మి కూడా పెళ్ళికొడుకు మేనత్త హోదాలో ఆ కారులోనే వెళ్ళింది.

ఆ సాయంత్రమే విష్ణును పిలిపించారు. విష్ణు తేలుకుట్టిన దొంగలా వచ్చి వీధి అరుగు మీద కూర్చున్నాడు. సత్యలక్ష్మి లోపలినుంచి కాఫీ తెచ్చి తమ్ముడి చేతికిచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

"పంటెక్కించావా లేదా?"

"ఎక్కించాం బావగారూ. డ్రోను కెమెరా వాడు గోదావరి మధ్యలో కారు షాటు అదిరిపోద్దన్నాడండి. సఖినేటిపల్లి రేవులో ఎక్కినప్పుడు బాగానే ఉంది. నరసాపురంలో దిగేసరికి సముద్రప్పోటు మీదుందండి ఏరు. కొంచెం నీళ్ళలోకి దిగింది."

"కొంచెమంటే?"

"తలుపు కిందదాకా. కానీ వదిలెయ్యలేదు బావగారూ! మీ కోపం నాకు తెలీదాండీ? విడిదింటి దగ్గర రెండుసార్లు కడిగించాను, అడుగున కూడా పైపు పెట్టి."

"ఏ నీళ్ళతో?"

"బోరు నీళ్ళతోనండి."

నరసాపురం తీరాన బోరు నీళ్ళు! పప్పు ఉడకని నీళ్ళు, నోట్లో పోసుకుంటే ఉమ్మేసే నీళ్ళు! ఉప్పు పట్టిన కారును ఉప్పుతోనే రెండుసార్లు కడిగి, పట్టాలు కూడా ఎత్తకుండా, పైన పసుపు బొట్లు పెట్టి తెచ్చి అప్పగించాడు. నాలుగు నెలలపాటు ఆ తడి లోపల తినాల్సినంతా తింది.

జోగేశ్వరరావు గారు లేచారు. ఆ అరుగు మీద ఆయన నోటివెంట వచ్చిన మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. విష్ణు తాతను కూడా వదల్లేదని మాత్రం చెప్పగలం. విష్ణు కాసేపు తలవంచుకుని విన్నాడు. ఉప్పూ కారం తినే మనిషే కదా, చివరకు అతనికీ రోషం వచ్చింది.

"నన్నొక్కణ్ణే అంటారేంటండీ? అందరం ఉన్నాం ఆ రోజు. చూడండి," అని ఫోను తీసి వీడియో పెట్టాడు.

పైనుంచి తీసిన గోదావరి. పంటు ఒడ్డుకు ఆనింది. పద్మిని మెల్లగా దిగి నీళ్ళలోకి పోయింది, రెండు పక్కలా నీళ్ళు లేచాయి. కెమెరా కిందకు వచ్చింది. ముందు సీటులో, అద్దం పూర్తిగా దించుకుని, పట్టుచీర చెయ్యి బయటకు చాపి, ముఖం మీద నీళ్ళు పడుతుంటే పకపకా నవ్వుతోంది సత్యలక్ష్మి. "ఇంకోసారి, ఇంకోసారి తిప్పరా!" అని ఆవిడ గొంతే వినపడింది. కారు వెనక్కి వెళ్ళి మళ్ళీ నీళ్ళలోకి వచ్చింది.

ఆయన గుమ్మం వైపు చూశారు. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

"నువ్వా!"

"నేనే."

ఆ తరవాత మూడు వారాలు ఇంట్లో మాటల్లేవు. ఆవిడ కంచం పెట్టేది, ఆయన తినేవారు. కోపం తోడుంటే పనికి లోటుండదు. పొద్దున్నే కొట్టు తీయక ముందే షెడ్డుకు పోయి బుల్లియ్య పక్కన గొంతుక్కూర్చునేవారు. తుప్పుపట్టిన రేకంతా కోయించారు. మందపాటి కొత్త రేకు కొలతకు వంచి వెల్డింగు చేయించారు. అతుకు అతుక్కీ తనే ఎర్ర ప్రైమరు పూశారు. ఈ కారు పోతే నేను పోయినట్టే అని ఒకరోజు బుల్లియ్యతో పైకే అనేశారు. బుల్లియ్య బీడీ ముట్టించుకున్నాడు.

జూలై మూడో వారంలో బ్రేకు ఇన్‌స్పెక్టరు కారు కిందకు లైటు వేసి చూశాడు, సుత్తితో అడుగున నాలుగు చోట్ల కొట్టి చూశాడు. రేకు గట్టిగా మోగింది. "బాగా చేయించారండి," అని సంతకం పెట్టాడు. ఆ మాటతో జోగేశ్వరరావు గారి మూడు వారాల కోపం మంచులా కరిగిపోయింది. దారిలో మల్లెపూలు కొన్నారు. ఇంటి ముందు కారాపి, తలుపు తనే తీసి పట్టుకున్నారు.

"సత్యా! పాసయిపోయింది. ద్రాక్షారామం వెళ్ళొద్దాం రా. జరిగిందేదో జరిగింది, నేను మనసులో పెట్టుకోలేదులే."

ఆవిడ అప్పటికే చేతిలో సంచీతో, చెప్పులేసుకుని బయటకు వస్తోంది.

"మీరు పెట్టుకోలేదు. నేను పెట్టుకున్నానండి."

"ఏంటి?"

"పదహారేళ్ళు ఎక్కానండి ఈ కారు. పరాయివాళ్ళ బండి ఎక్కినట్టు, కాళ్ళు తుడుచుకుని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎక్కాను. పుష్కరాలప్పుడు కోటిపల్లి రేవులో స్నానం చేసి తడిచీరతో వస్తే, సీటు పాడవుద్దని బస్సెక్కి రమ్మన్నారు నన్ను. అంతమంది జనంలో, ఆ తడిచీరతో, అమలాపురం దాకా నిలబడి వచ్చాను. ఇంటికొచ్చాక కూడా మీరు నన్నేం అడగలేదు. కారెక్కడా గీసుకోలేదు కదా అని చుట్టూ తిరిగి చూసుకున్నారు."

ఆయన తెరిచిన కారు తలుపు ఇంకా పట్టుకునే ఉన్నారు.

"ఆ రోజు నీళ్ళలోకి కావాలనే దింపించాను. రెండోసారి కూడా కావాలనే. పాడైపోవాలనే దింపించాను."

"సత్యా, ఎండగా ఉంది, ముందు ఎక్కు..."

"కొత్త రేకు వేయించారుగా, ఇంకో అయిదేళ్ళు తిప్పుకోండి. ద్రాక్షారామం నేనూ వెళ్తున్నాను. నాకు బస్సుంది."

ఆవిడ ఆయన చేతిలో పూలపొట్లం వైపు చూడనైనా చూడకుండా గేటు దాటి, గడియార స్తంభం వైపు నడుచుకుంటూ పోయింది.