జమ్మి పంచిన సాయంత్రం

నేను మూగవాణ్ని కాదు. విశాఖ శివారులో, సిమెంటు గోదాముల వెనక ఉన్న మా చిన్న కాలనీ మాత్రం మూడేళ్లపాటు దాదాపు అలాగే అనుకుంది. తప్పు కాలనీది కాదు, నా తెలివిది.

మాది జనగామ అవతల, కొడకండ్ల దగ్గర పల్లె. గోదాములో సరుకు లెక్క రాసే ఉద్యోగం దొరికి ఇక్కడికొచ్చాను. మేడమీది గదిలో దిగిన రోజు ఇంటాయన "ఏ ఊరు బాబూ?" అన్నాడు. అప్పటికే మా వైపు ఉద్యమం రాజుకుంది. వేరే రాష్ట్రం మాటెత్తితే ఇక్కడి టీకొట్టు రెండుగా చీలుతోంది. "బెజవాడ దగ్గర" అనేశాను.

నాలుగు మాటలు మాట్లాడితే నా బెజవాడ జనగామలో తేలుతుంది. అందుకని నోరు మూసుకున్నాను. పాలప్యాకెట్లకు వేళ్లు చూపించేవాణ్ని. ఎవరైనా పలకరిస్తే నవ్వేవాణ్ని. నవ్వుకు యాస ఉండదని ధీమా. ఆదివారాలు సముద్రం దాకా నడిచి, మనిషి లేని చోటు చూసుకుని, "ఏం జేస్తున్నవ్? మంచిగున్నవా?" అని గట్టిగా అడిగేవాణ్ని. సముద్రం తన యాసలో ఏదో అనేది. నాకు ఆ వారానికి అదే సంభాషణ.

సాయంత్రాలు ఇంటాయన వరండాలో టీవీ చూసేవాడు. ఎదురింటి మాస్టారుతో మురుగుకాలవ తగాదా వచ్చి మాటల్లేవు గనుక, కుర్చీ అటు వీపు పెట్టి వేసుకునేవాడు. తెరమీద మా వాళ్ల ఊరేగింపు కనబడగానే నన్ను పిలిచేవాడు.

"సూడు బాబూ, మళ్లీ రోడ్డెక్కేసినారు. ఈళ్లకి పనీపాటా లేదేటి?"

ఆ గుంపులో మా మేనమామ ఉన్నాడేమోనని వెతుక్కుంటూనే తల ఊపేవాణ్ని. ఆ ఊపుడు గుర్తొస్తే ఇప్పటికీ మెడ నొప్పి పెడుతుంది.

మూడో ఏడు దసరాకు ఉద్యమంతో మా వైపు రైళ్లు ఆగిపోయి, ఊరికి పోలేకపోయాను. ఊళ్లో అయితే ఆ సాయంత్రం జమ్మి ఆకు తెంపి, బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, గుండెకు హత్తుకుంటారు. గోదాము గోడ పక్కన ఓ జమ్మిచెట్టుంది. కాళ్లు వాటంతటవే అటు పోయాయి. గుప్పెడు తెంపాక తెలిసింది, పెట్టడానికి ఒక్క చెయ్యీ లేదని. గదిలో కూర్చుని కుడిచేతి ఆకులు ఎడమచేతిలో పోశాను. మళ్లీ కుడిచేతిలో పోశాను. ఎంతసేపని? కిందికి దిగాను.

వరండాలో ఇంటాయన ఒక్కడే ఉన్నాడు. ఆయన చేతిలో ఆకు పెట్టి, "బంగారం తీస్కో కాకా" అని హత్తుకున్నాను. మూడేళ్ల కాపలా ఒక్క మాటతో సరి.

 ఆయన నా వీపు తట్టాడు.

"ఇప్పటికి ఇప్పినావేటి నోరు?"

"నీకు ముందే ఎర్కనా కాకా?"

"అద్దె కాయితం మీద నీ ఊరు నువ్వే రాసి సంతకం ఎట్టినావు కదేటి! ఎప్పుడు తిరగబడతావోనని మూడేళ్లు మీవోళ్లని తిడతన్నాను. నువ్వేమో తలూపతన్నావు. తిట్టి తిట్టి నాకే ఇసుగొచ్చీసింది."

"ఒక్క మాట అడుగుతే ఏం బోయింది?"

"దాసుకున్నోడివి నువ్వు. సెప్పాల్సింది నువ్వు."

నిజమే. అయినా సముద్రంతో మాట్లాడిన ఆ ఆదివారాల లెక్క ఆయనతో తేల్చుకోవాలనిపించింది. ఆయన అరచేతిలో ఆకును అటూ ఇటూ తిప్పి, "దీన్నేటి సెయ్యాల?" అన్నాడు.

"బంగారం తీస్కున్నోళ్లు ఉట్టిగ కూసోవద్దు కాకా. మాటల్లేనోళ్లకు మొదలు ఇయ్యాలె. గట్టిగ హత్తుకోవాలె. లేకుంటే ఇంటికి మంచిది గాదు."

ఆ చివరి మాట ఏ పెద్దలూ చెప్పింది కాదు, అప్పటికప్పుడు నేను కల్పించింది.

ఇంటాయన చొక్కా తొడుక్కున్నాడు. రోడ్డు దాటి తలుపు తట్టాడు. తలుపు తీసిన మాస్టారు, ఆ చాచిన చేతులు చూసి, కొట్టడానికొచ్చాడనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంటాయన ఆకు ఆయన చేతిలో కుక్కి, భుజం తగిలీ తగలనట్టు హత్తుకున్నాడు.

నేను మెట్లమీద కూర్చుని, మిగిలిన రెండు రెబ్బలు గుప్పిట్లో పట్టుకుని, కాలనీ అంతా వినబడేలా అరిచాను: "గట్లగాదు కాకా! ఇంక జర గట్టిగ!"