వెలుతురుకు ఎత్తిన గ్లాసు

ఇటలీ నుంచి వచ్చి, ఏన్కూరు అవతల అడవి అంచున ఉన్న మా బొగ్గుగనుల కాలనీలోనే ముసలివారైపోయిన చర్చి ఫాదర్, గ్లాసులో ఏం పోసినా ముందు కిటికీ వైపు ఎత్తి చూసేవారు. మంచినీళ్లనైనా సరే.

కాలనీలో గుడుంబా తాగుడు మాన్పించింది ఆయనే. మానేసిన కొత్తలో మా నాన్న చేతులు వణుకుతుంటే, వాటిని పట్టుకుని కూర్చున్నదీ ఆయనే.

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. ఒక ఆదివారం నాన్నా నేనూ కోడికూర ఇవ్వడానికి వెళ్లేసరికి ఆయన భోజనానికి కూర్చున్నారు. కిటికీ వైపు ఎత్తిన గ్లాసులో ఎర్రటి వైన్ మెరుస్తోంది. మమ్మల్ని చూసి గ్లాసు చటుక్కున దించి, సీసాను రొట్టెల బుట్ట వెనక్కి నెట్టారు.

"మా చెల్లెలు పంపింది," అన్నారు తడబడుతూ. "మత్తు కోసం కాదు. మా ఊళ్లో భోజనంతో పాటు తాగుతారు. టమాటా వేసి వండిన మాంసానికి, మాగబెట్టిన చీజ్‌కు బాగుంటుంది. చేపకు బాగుండదు. మీ కోడికూరకైతే..." అక్కడ ఆగిపోయారు.

నాన్న శ్రద్ధగా విని తలూపాడు.

"అంటే, మాకు మజ్జిగ ఎట్లనో మీకిది గట్లన్నట్టు. తాగుండ్రి ఫాదర్, దాసిపెట్టుడెందుకు?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆయనకు తేలికయ్యేదేమో. చెవుల దాకా ఎర్రబడ్డారు.

ఆ సీసా మళ్లీ కనబడలేదు. మా ఇంట్లో భోంచేసినప్పుడల్లా ఫాదర్ మజ్జిగే అడిగేవారు. అలవాటుగా గ్లాసు పైకెత్తేవారు. మజ్జిగలో చూడ్డానికేముంటుంది? అయినా, ఎదురుగా కూర్చున్న నాన్న తల వంచుకుని అన్నం కలుపుకునేదాకా ఆ గ్లాసును ముఖం ముందు నుంచి దించేవారు కాదు.