బండి పుట్టేకాడ సీటు

రైలంటే నాకు పిచ్చి. అప్పటికి మా కోరుట్లకు రైలు రాలేదు. జగిత్యాల దాకా వేసిన పట్టాల మీద ఒక బండి వచ్చిపోతుండేది. దాన్ని చూడటానికే బస్సెక్కి జగిత్యాల పోయేవాణ్ని. ఇంట్లో నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకునేవాణ్ని.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నేనూ ఊళ్లో జెండా పట్టినవాణ్నే. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మా బావకు దుబాయి వీసా వచ్చింది. ముంబై పోయి మర్నాడు విమానం ఎక్కాలి. తప్పితే వీసా గడువు తీరిపోతుంది, మళ్లీ రాదు. సిరిసిల్ల వాళ్లు ముంబై బండిని దగ్గరని కామారెడ్డిలో ఎక్కుతారు. నేనే అడ్డుపడ్డాను.

"కామారెడ్డిల నిలవడ్తానికి గూడ జాగ దొర్కదు బావా. బండి పుట్టేకాడ ఎక్కాలె," అని సికింద్రాబాద్ లాక్కుపోయాను. నిజం చెప్పాలంటే సీటు ఒక సాకు. నాకు ఆ స్టేషన్ చూడాలి, అంతే.

జనరల్ పెట్టె దగ్గర తోపులాట. మా బస్టాండ్లలో చేసినట్టే కిటికీలోంచి తువ్వాల వేయబోయి ఆగాను. తువ్వాలైతే తీసి పారేస్తారు. పెట్టెలో చువ్వలు లేని కిటికీ ఎక్కడుంటుందో నాకు తెలుసు. బావ భుజం మీది బ్యాగు గుంజి, అందులోంచి సీటు మీదికి తోశాను. పాస్‌పోర్టు అందులోనే ఉంది.

అంతలో ముందు రైల్ రోకో ఉందని, బండి ఇప్పట్లో కదలదని కబురొచ్చింది. వీళ్లకు ఇవ్వాళే దొరికిందా అని గొణుక్కున్నాను. అయినా లోపల సంతోషమే.

"రా బావా, పదో ప్లాట్‌ఫారం సూసొద్దాం."

"బండి కదుల్తె?"

"కదల్దు. సిగ్నల్ ఎర్రగున్నది సూడు."

వంతెన దాటి పోయాం. అక్కడ గూడ్సుకు రెండు ఇంజన్లు తగిలిస్తున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. బావ మాత్రం మెడ తిప్పి తన బండినే చూస్తున్నాడు. ఒకచోట నిలబడడు, చేతులు నలుపుకుంటాడు. హారన్ వినిపించింది. తిరిగి చూస్తే సిగ్నల్ పచ్చగా ఉంది.

వంతెన దిగేసరికి ఆఖరి పెట్టె ప్లాట్‌ఫారం దాటేసింది. బావ పట్టాల మీదికి దిగి పరుగెత్తాడు. నా రైలు పిచ్చి తగలబడ అని తిట్టుకుంటూ నేనూ వెనకాలే పరుగెత్తాను.

కొంత దూరం పోయాక బండి నిలబడి ఉంది. దాని ముందు పట్టాల మీద జెండాలతో ఇంకో గుంపు బైఠాయించింది.

పెట్టె ఎక్కాం. బ్యాగు సీటు మీదే ఉంది. పక్కన మా దిక్కు రాయికల్ ఆమె దాని మీద చెయ్యేసి కూర్చుంది.

"సామానుంటె మనిషున్నట్టే గదా. ఎవ్వల్నీ కూసోనియ్యలే. ఎటుపోయిండ్రు మీరు?" అని కసిరింది.

బావ పాస్‌పోర్టు తీసి చొక్కా లోపల పెట్టుకుని ఏడ్చాడు. ఆయన మొహం చూడలేక దిగిపోయాను. నేరుగా పోయి పట్టాల మీద జనంలో కూర్చున్నాను. వీళ్లే లేకపోతే ఏమయ్యేదో. గొంతు పోయేదాకా నినాదాలిచ్చాను.

కాసేపటికి బావ దిగి నా దగ్గరికి వచ్చాడు. మెల్లగా అన్నాడు.

"బామ్మర్దీ, నువ్వు గీడ కూసుంటె నేను గా బండ్లనే ఉంట. ఇగనన్న నన్ను పోనియ్యి."

బండి గంటకు కదిలింది, బావ విమానం అందుకున్నాడు. పట్టాల మీంచి అందరికంటే ముందు లేచింది మాత్రం నేనే.