షేక్ అని చెప్పుకున్నాను

ఒమాన్ దేశం సోహార్‌లో స్టీలు ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేరిన మొదటి శుక్రవారం, క్యాంపు మెస్‌లో మా ఫోర్‌మన్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయనది హైదరాబాద్.

"క్యా మియా, కడప జిల్లా బోలే. షేకా, సయ్యదా, పఠానా?"

"షేక్, సాబ్" అన్నాను.

అది పూర్తి అబద్ధం కూడా కాదు. నా పాస్‌పోర్టులో పేరు ముందు షేక్ అనే ఉంది. బళ్ళో చేర్చేటప్పుడు మా నాయన అలా రాయించాడు. మేము దూదేకులవాళ్ళం. తాతలు దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా ఊళ్ళో ఉర్దూ మాట్లాడే సాయిబులు మాతో కలిసి నమాజు చేస్తారు గానీ మాతో వియ్యమందరు. సముద్రం దాటి వచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పాల్సిన పని లేదనుకున్నాను. ఫోన్‌లో వీడియోలు చూసి నా ఉర్దూ సరిచేసుకున్నాను.

క్యాంపులో నమాజు గది ఒకటే, మెస్ వెనకాల ఇనుప క్యాబిన్. నమాజులో అందరం భుజానికి భుజం ఆనించి నిలబడేవాళ్ళం. అది ముగియగానే ఎవరి చాప మీదికి వాళ్ళం. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ చూడాలి. కిటికీ దగ్గర మలయాళీలు, వాళ్ళ గంజితో. తలుపు దగ్గర బంగ్లాదేశ్ వాళ్ళు, మరమరాల్లో శనగలు కలుపుకుంటూ. ఏసీ కింద చాప హైదరాబాద్ వాళ్ళది. గీత ఎవరూ గీయలేదు, ఎవరూ దాటనూ లేదు. నాకు ఏసీ కింద చోటు దొరికింది. ఆ చోటు చూసుకుని గర్వపడ్డాను కూడా.

రెండో ఏడు పరంజాలు కట్టే పనికి మా ఊరి నుంచే ఒక పెద్దాయన వచ్చాడు. మా తాత దగ్గర పని నేర్చుకున్నవాడు. కుళాయి దగ్గర నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది.

"ఏం అబ్బీ, పరుపుల తాత మనవడివి గదూ నువ్వు?"

చుట్టూ చూసి గొంతు తగ్గించాను. "మామా, ఈడ ఆ మాట ఎత్తగాకు."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. "సరేలే నాయనా" అన్నాడు.

ఆ ఏటి రంజాన్‌లోనే ఒక రోజు, అజాన్ చెప్పే మలయాళీ డ్యూటీ నుంచి రాలేదు. సాయంత్రం అస్ర్ నమాజు వేళ దాటిపోతోందని పెద్దాయన లేచి అజాన్ చెప్పాడు. గొంతు కమ్మగా ఉంది. ఉచ్చారణ మాత్రం మా ఊరిది, 'ఫ'లన్నీ 'ప'లే. మా చాప మీద నవ్వులు మొదలయ్యాయి.

"ఇది అజానా, తెలుగు పాటా?" అన్నాడు ఫోర్‌మన్ ఉర్దూలో. తర్వాత పెద్దాయన్నే అడిగాడు. "దూదేకులా?"

"హా సాబ్." తల వంచకుండా చెప్పాడు.

ఫోర్‌మన్ నా వైపు తిరిగాడు. "నీ జిల్లావాడే కదా, ఎరుగుదువా?"

నేను నోరు తెరిచేలోపు పెద్దాయనే అన్నాడు, వచ్చీరాని ఉర్దూలో. "నై సాబ్. ఇనో కౌన్ కీ, మేరేకు నై మాలూమ్."

నేనెవరో తనకు తెలియదన్నాడు. నేను అవునన్నట్టు తలూపాను. అందరూ మళ్ళీ నవ్వినప్పుడు నేనూ నవ్వాను.

మర్నాటి నుంచి ఆయన క్యాబిన్‌కు రాలేదు. ఎండలో రోడ్డు దాటి ఒమానీల మసీదుకు వెళ్ళేవాడు. వాళ్ళ పద్ధతి వేరు, అక్కడ మన నమాజు కుదరదని ఫోర్‌మన్ అంటుండేవాడు. ఒకసారి పని మీద అటు వెళ్ళి మధ్యాహ్నం జొహర్ నమాజుకు అక్కడే ఆగాను. ఒమానీల్లో కొందరు చేతులు కట్టుకున్నారు, కొందరు పక్కలకు వదిలేసి నిలబడ్డారు. ఒకరి చేతుల వైపు ఒకరు చూడలేదు. ముందు వరసలో, తెల్లటి పొడుగు అంగీలు, దిష్‌దాషాలు, తొడుక్కున్న ఇద్దరి మధ్య పెద్దాయన ఉన్నాడు. ఆయన వెనక్కి తిరిగేలోపే చెప్పులు చేత పట్టుకుని బయటపడ్డాను.

ఆ శుక్రవారం ఆయన రూమ్‌కు వెళ్ళాను. చొక్కాలు మడత పెట్టుకుంటున్నాడు.

"మామా, తప్పయిపోయింది."

"నేనే గదా నిన్ను తెలీదంటి. దానికేం లే." చేతిలో చొక్కా పక్కన పెట్టాడు. "మనూరి మసీదులో మా నాయన్ని ముందు వరస నుంచి లేపినారు అబ్బీ. లేపినోళ్ళు బయటోళ్ళు. ఆయప్ప ఓర్సుకున్యాడు. నువ్వు నగినావు సూడు..." చొక్కా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "పో నాయనా. నీ చాప కాడికి పో."

తర్వాత ఎప్పుడు ఎదురుపడ్డా నాతో ఉర్దూలోనే మాట్లాడాడు, 'సాబ్' అని పిలుస్తూ. ఆయన కాంట్రాక్టు అయిపోయి ఊరికి వెళ్ళే రోజు బస్సు దగ్గరికి పరుగెత్తాను. "ఖుదా హాఫిజ్, సాబ్" అన్నాడు. మామా అని పిలవాలనే వెళ్ళాను. పక్కనే ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు. నేనూ ఖుదా హాఫిజ్ అన్నాను.

ఈ రంజాన్‌లో కూడా ఏసీ కిందే కూర్చున్నాను. ఫోర్‌మన్ ఖర్జూరాలు నా వైపు జరిపితే తీసుకున్నాను. పండగ తర్వాత సెలవుకు ఊరెళ్ళాను. పెద్దాయన ఇల్లు మసీదు దారిలోనే ఉంది. ఉన్న నెల రోజులూ చుట్టు తిరిగి నమాజుకు వెళ్ళాను.