చిన్నమ్మ బిగించిన బోల్టులు

తలుపు గడియ వేసినా, మూట కట్టినా "గట్టిగుండాదా?" అని పక్కవాళ్లను అడగడం మా చిన్నమ్మ అలవాటు.

చిన్నాయన గుండెపోటుతో పోయిన వారానికి ఆయన ముందే ఆర్డరిచ్చిన క్రోము తొడుగులు కోడుమూరులోని ఇంటికొచ్చాయి. దూరప్రయాణాలకని కొన్న మోటార్‌సైకిల్ ముందు ఫోర్కుకు వేసేవి. మరునాడే ఆయన తమ్ముడు ఆ బండిని తీసుకుపోతాడు.

"ఇప్పుడెందుకు చిన్నమ్మా? వాపసు పంపిద్దాం" అన్నాను.

"మీ చిన్నాయన శానా ఆశపడినాడు. ఆయన అనుకున్నట్టే పోనీ బండి."

ఆయన బండి బాగుచేసుకునేటప్పుడల్లా పక్కన కూర్చుని పానాలూ స్క్రూడ్రైవర్లూ అందించిన మనిషి చిన్నమ్మ. ముందు చక్రం విప్పి, తొడుగులెక్కించి, ఒక్కో బోల్టూ బిగించి, "గట్టిగుండాదా?" అంటూ నాచేత తడిమించింది.

మరునాడు బండి చప్పుడు వీధి చివర వినబడకుండా పోయాక, సమాధి దగ్గర కూడా ఏడవని చిన్నమ్మ, గ్రీజు వదలని చేతులతో మొహం కప్పుకుని గడపలోనే కూలబడింది.