మూడు చుక్కల చక్రం

మా మేస్త్రి పోయాడన్న సంగతి పాలాయన చెప్పాడు. నేను చేను దగ్గర పాలకూర మడికి నీళ్లు వదులుతున్నాను. చేయి వాల్వు చక్రం మీద ఉంది.

"బాపూ, మేస్త్రి తెల్లారంగ పోయిండు. నిద్రలనే." సైకిలు దిగకుండానే చెప్పి వెళ్లిపోయాడు.

చక్రం మీది నుంచి చేయి తీయలేకపోయాను. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. ఊరి బడిలో ఐదు దాకా చదివాను. తప్పులుంటే మన్నించండి.

మేస్త్రి వడ్రంగి. శంషాబాద్ నుంచి పాల్మాకుల పోయే దారిలో, మా ఇంటి ఎదురుగా ఆయన రేకుల షెడ్డు. బతుకుదెరువుకు దర్వాజాలు చేసేవాడు గానీ మనసంతా పాత మిషన్ల మీదే. మూతపడ్డ కార్ఖానాల్లో తుప్పు పట్టిన కోత మిషన్లు తెచ్చుకుని, ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, మళ్లీ నడిపించేవాడు.

ఎనిమిదేండ్ల కింద పట్నం నుంచి ఒక పెద్ద రంద మిషను లారీలో వచ్చింది. చెక్కను నున్నగా తీసేది, మా తాతల కాలంది. దాన్ని ముక్కలుగా మా ఇంటి ముందర వానలో దించారు. నేనూ ఒక చేయి వేశాను. మరునాడు పేర్చి చూసుకుంటే, బల్లను పైకీ కిందికీ జరిపే ఇనుప చక్రం లేదు.

మేస్త్రి నన్ను పిలిచి మిగతా భాగాలు చూపించాడు. ప్రతిదాని మీద ఒక మూలన మూడు చిన్న చుక్కలు పొడిచి ఉన్నాయి.

"చేసినోడు పెట్టిన గుర్తు తమ్మీ. ఇవన్నీ ఒక్క మిషనువే అని. ఆ చక్రం మీద గూడ ఉంటయి. వేరేది పెడితే తిరుగుతది, కని అది దీనిది గాదు."

కొత్తది పోత పోయించలేదు. టేకుతో ఒక చక్రం చేసి పెట్టాడు. ఎవరైనా బాగుందంటే, "ఇది కిరాయికున్నది. ఇల్లుగలాయన వస్తే లేస్తది" అనేవాడు. దసరాకు మిషనుకు బంతిపూల దండ వేసేవాడు, అన్ని భాగాలకూ బొట్టు పెట్టేవాడు. టేకు చక్రానికి మాత్రం పెట్టేవాడు కాదు. ఆ బొట్టు పక్కన నేల మీద పెట్టేవాడు.

ఆదివారాలు షాద్‌నగర్ పోయి పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగేవాడు. కుప్పల్లో చేయి పెట్టి బొటనవేలితో చుక్కలు వెతికేవాడు. నల్లటి చేతులతో ఇంటికొస్తే ఆయన భార్య, నాకు వదిన వరస, "తిరిగి తిరిగి నువ్వే చక్రమైతున్నవ్" అని దెప్పేది.

మరుసటి ఏడు, మా ఇంటి ముందు నుంచి చేనులోకి పారే మోరీ కాలువలో పూడిక తీస్తుంటే పారకు ఒక చక్రం తగిలింది. నిండా మట్టి. ఏ ట్రాక్టరుదో అనుకున్నాను. నా వాల్వు పిడి అప్పటికే విరిగి ఉంది. వాల్వు కడ్డీ చదరం, చక్రం రంధ్రం గుండ్రం. మధ్యలో గోనెపీలిక కుక్కి, పైన తీగ చుట్టి బిగించాను. నీళ్లు పారాయి.

నెల తిరిగేసరికి నా చేతి రాపిడికి తుప్పు రాలింది. ఒక పొద్దున బొటనవేలికి తగిలాయి. ఒకటి, రెండు, మూడు.

ఆ సాయంత్రమే షెడ్డు దాకా పోయాను.

"ఏంది తమ్మీ, గట్ల నిలబడ్డవ్?"

"ఏం లేదు" అన్నాను.

మొదటి రోజు చెప్పలేదు. రెండో రోజు, నిన్న ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన షాద్‌నగర్ బస్సెక్కడం మా గుమ్మంలో నిలబడి చూశాను. ఏండ్లు గడిచాయి.

మూడేండ్ల కింద నా కంటికి ఆపరేషనైంది. నాలుగు రోజులు దవాఖానలో ఉండాలన్నారు. "మడికి నీళ్లు నేను కడత, పరేషాన్ గాకు" అన్నాడు మేస్త్రి. గుడ్డ కట్టిన కంటి వెనక నాలుగు రోజులూ ఆ చక్రమే తిరిగింది. దాని మీద ఆయన బొటనవేలు.

ఇంటికొచ్చాక ఆయన అన్నది ఇంతే. "పాలకూర మంచిగున్నది. వాల్వు గట్టిగుండె, జర నూనె పెట్టిన."

చూడలేదనుకున్నాను. ఆ తర్వాత ఆయన షాద్‌నగర్ పోవడం మానేశాడు. ఉండబట్టలేక ఒక్కసారి అడిగాను.

"ఇగ ఎందుకు తిరుగుడు? యాడున్నదో ఆడ పని చేస్తనే ఉంటది" అన్నాడు.

ఆశ వదులుకున్నాడనుకున్నాను. నావల్లే అనుకున్నాను.

పదకొండో రోజు దాటాక చక్రం ఊడదీశాను. పైన నా తీగ, నా గోనెపీలిక నేను చుట్టినట్టే ఉన్నాయి. విప్పితే లోపల గోనె లేదు. చదరానికీ గుండ్రానికీ మధ్య ఒక టేకు బిళ్ల కూర్చుని ఉంది. గోరు దూరే సందు లేదు. దాని అంచున, ఉలి మొనతో పెట్టిన మూడు చుక్కలు.

వాటిని ఒక్కొక్కటిగా బొటనవేలితో తడిమాను.

చక్రం ఎత్తుకుని షెడ్డుకు పోతే వదిన నా ముఖం చూడలేదు, చేతుల వైపే చూసింది.

"తెచ్చినవా తమ్మీ. ఎన్నడో ఒకనాడు తమ్మే తెస్తడు తియ్యి, అని మీ అన్న అంటుండె."

ఇనుప చక్రంలోంచి ఆ టేకు బిళ్ల ఊడదీసి జేబులో వేసుకున్నాను. టేకు చక్రం తీసి ఇనుపది బిగించాను. తిప్పితే బల్ల చప్పుడు లేకుండా పైకి లేచింది. వదిన కుంకుమ తెచ్చి దానికి బొట్టు పెట్టింది. టేకు చక్రం నా చేతిలో పెట్టి, "దీన్ని నీకాడ ఉంచుకో. నీళ్లకు అక్కర పడుతది" అంది.

ఇప్పుడు నా వాల్వుకు అదే ఉంది, మధ్యలో ఆయన బిళ్లతో. చక్రం అంచున చుక్కలు లేవు. అయినా పొద్దున నా బొటనవేలు అంచంతా తడుముతుంది. మంచు వల్లనే అంటారు చేల వాళ్లు. నేను ముట్టకముందే ఆ చెక్క తడిగా ఉంటుంది, ఎవరో ఇప్పుడే చేయి తీసినట్టు.